ఓరుగల్లు నగర దర్శనం: కాలినడకన చూడడమెలా?

కిందటి ఏడు మన ట్రస్టు పక్షాన ఓరుగల్లు యాత్రకు వచ్చినవారిలో కొందరైనా ఈ సంచికను చేతిలోకి తీసుకొని ఉంటారు. ముందుగా వారికి నేనొక మాట చెప్పవలసి ఉన్నది. ఆ యాత్ర సరిగా జరుగలేదు. తప్పు నాదే.

ఆనాటి కార్యక్రమ పట్టిక నేను స్వహస్తాలతో వ్రాసినది. ఉదయం భద్రకాళి అమ్మవారు, ఆపై పద్మాక్షి గుట్ట, వేయిస్తంభాల గుడి, భోజనం, ఓరుగల్లు కోట, సాయంత్రానికి పాలంపేట రామప్ప దేవాలయం. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉన్నది. కోటలోకి మా బస్సు ప్రవేశించేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఫాల్గుణ మాసపు ఎండ. గుడి ప్రాంగణం కదా అని చాలామంది చెప్పులు బస్సులోనే విడిచి దిగారు. పాదాలు కాలి, నాలుగు అడుగులు వేసి, తోరణాల ముందు ఒక ఫోటో తీసుకొని వెనుదిరిగారు. అప్పుడు డెబ్భై దాటిన ఒక తల్లి నా చేయి పట్టుకొని, "ఈ రాళ్ల మధ్య స్వామి ఎక్కడున్నాడు నాయనా?" అని అడిగింది. "ఇక్కడే ఉండేవాడమ్మా" అంటూ నేను నేల చూపించాను. అంతలో బస్సు హారన్ మోగింది.

ఆమె సంచిలో ఒత్తులు, చిన్న సీసాలో నువ్వుల నూనె ఉన్నాయని తిరుగు ప్రయాణంలో తెలిసింది. శంభుని గుడిలో దీపం పెట్టాలని ఇంటి దగ్గరే అనుకొని బయలుదేరిందట. ఆ గుడి మేము నిలబడిన చోటికి కూతవేటు దూరంలో ఉన్నది. అక్కడ నేటికీ పూజలు జరుగుతున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ రామప్పకు ఆలస్యమవుతుందన్న తొందరలో నోరు మెదపలేదు. ఆ ఒత్తులూ నూనే వచ్చిన దారినే ఇంటికి తిరిగి వెళ్లాయి.

ముప్పై ఏళ్లు కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ప్రతాపరుద్రుని పాలనా కాలం ఎప్పుడు అడిగినా చెప్పగలను. అయితే పాఠం చెప్పడం వేరు, మనిషిని వెంటబెట్టుకొని నగరం చూపించడం వేరు అని ఆ రోజు తెలిసింది. ఆ తరువాత మూడుసార్లు ఒంటరిగా ఓరుగల్లు వెళ్లి, కాగితం పెన్సిలు చేతబట్టి, కోటంతా తిరిగాను. కార్తిక మాసంలో ఇరవైమందితో మళ్లీ వెళ్లాము. ఈసారి ఎలా వెళ్లామో, ఏర్పాట్లు ఎందుకు అలా చేశామో వ్రాయమని ట్రస్టు పెద్దలు అడిగారు. ఇతర ఊళ్ల భజన బృందాలు, సేవా సంఘాలు కూడా ఇటువంటి యాత్రలు తలపెడుతున్నాయి గనుక, తెలిసినంత విన్నవిస్తాను.

ముందు నగరాన్ని అర్థం చేసుకోవాలి

ఓరుగల్లు అనగానే మనవారికి వేయిస్తంభాల గుడి గుర్తుకు వస్తుంది. ఆ గుడి ఉన్నది హనుమకొండలో. కాకతీయుల తొలి రాజధాని అనుమకొండే. 1163లో రుద్రదేవుడు ఆ త్రికూటాలయాన్ని ప్రతిష్ఠించేనాటికి రాజధాని అక్కడే ఉన్నది. అతని కాలంలోనే ఓరుగల్లు కోటకు పునాదులు పడ్డాయనీ, గణపతిదేవుని కాలంలో రాజధాని పూర్తిగా ఇటు తరలి వచ్చిందనీ చరిత్రకారులు చెబుతారు. అంటే మనం చూడబోయేది ఒక్క నగరం కాదు, పక్కపక్కనే పుట్టిన రెండు నగరాలు. ఈ రెండింటినీ ఒకే నడకలో చూడడం కుదరదు. నా మొదటి పట్టికలోని మొదటి పొరపాటు అదే.

ఓరుగల్లు అంటే ఒంటి రాయి. సంస్కృతంలో ఏకశిలానగరం. కోటలో ఒంటిగా లేచిన గండశిల ఆ పేరుకు మూలం. ఈ నగరం పుట్టుక గురించి ఒక స్థలపురాణం కూడా ఉన్నది. అనుమకొండకు సరకు మోసుకొని పోతున్న బండి ఇక్కడ దిగబడిందట. చక్రపు ఇనుప కమ్మి భూమిలోని పరుసవేది లింగానికి తగిలి బంగారమయిందట. రాజు వచ్చి చూసి, ఆ స్వయంభూ లింగానికి గుడి కట్టి, చుట్టూ నగరం నిర్మించాడట. శాసనాలు ఈ కథ చెప్పవు. కాకతీయుల తరువాత చాలాకాలానికి వ్రాసిన చరిత్ర గ్రంథాలు చెబుతాయి. కథ మాట ఎలా ఉన్నా, నగర నిర్మాణం మాత్రం కథ చెప్పినట్లే ఉన్నది. మధ్యలో స్వయంభూ దేవుని ఆలయం, దాని చుట్టూ వలయాలుగా కోటలు.

లోపలిది రాతికోట. దాని అడ్డుకొలత సుమారు 1.2 కిలోమీటర్లు. దానిని చుట్టి మట్టికోట ఉన్నది, అడ్డుకొలత సుమారు 2.4 కిలోమీటర్లు. ఈ రెండింటికీ వెలుపల చాలా దూరాన మూడవ మట్టికట్ట. రాతికోటకు 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు, చుట్టూ నీటి కందకం. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేయించిందని చెబుతారు. బస్సులో కోట నడిబొడ్డున దిగినవారికి ఈ అమరిక ఏమాత్రం తెలియదు. గుడి చుట్టూ ప్రాకారాలు దాటుకొని గర్భగుడికి వెళ్లినట్లు, ఇక్కడ వెలుపలి నుంచి లోపలికి నడిచి వెళ్లాలి. గోపురం దగ్గర మొదలుపెట్టక నేరుగా గర్భగుడిలో దిగే భక్తుడు ఎవరుంటారు?

అందుచేత రెండవసారి మా నడకను రాతికోట తూర్పు ద్వారం వెలుపల మొదలుపెట్టాము.

ఓరుగల్లుకు ఒక పాత మార్గదర్శి

ఇక్కడ చిన్న విషయాంతరం. ఈ నగరాన్ని కాలినడకన చూపించే ప్రయత్నం నాతో మొదలు కాలేదు. ఇంచుమించు ఆరు వందల ఏళ్ల నాడే వినుకొండ వల్లభరాయని పేర ఉన్న 'క్రీడాభిరామం' ఆ పని చేసింది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత గ్రంథం 'ప్రేమాభిరామం' దీనికి మూలం. ఆ మూలం నేడు దొరకడం లేదు. ఈ తెలుగు గ్రంథం శ్రీనాథునిదే అని వాదించిన పండితులూ ఉన్నారు. మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకర శాస్త్రి గార్ల పరిశ్రమ వల్ల అది మనకు దక్కింది.

అందులో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో రోజంతా తిరుగుతారు. కనబడినదాని గురించి మాట్లాడుకుంటారు. ఏకవీర అమ్మవారిని, మైలారు దేవుని కొలిచేవారిని చూస్తారు. పల్నాటి వీరుల కథ గానం చేసేవారిని వింటారు. సంతలో నిలబడతారు. మధ్యాహ్నం పూటకూళ్ల ఇంట్లో రూక ఇచ్చి సుష్టుగా భోంచేస్తారు. ఆ గ్రంథంలో శృంగారం పాలు హెచ్చు గనుక యాత్రలో చదివి వినిపించదగినది కాదు. ఆ మాట చెప్పకుండా ఎవరికైనా సిఫారసు చేస్తే రేపు నన్ను నిలదీస్తారు.

అయినా యాత్ర ఏర్పాటు చేసేవారు ఆ ఇద్దరి నుంచి నేర్వవలసినది ఉన్నది. వారు పరుగెత్తరు. ఒకరు చెబితే ఇంకొకరు అడుగుతారు. ఎండ ముదిరితే నీడకు చేరతారు. వేళకు భోజనం చేస్తారు. చూడవలసినవాటిలో గుళ్లతోపాటు మనుషులు కూడా ఉన్నారు. నా మొదటి పట్టికలో ఇందులో ఒక్కటీ లేదు. అన్నం కూడా రెండున్నరకు పెట్టాను.

వేళ, మనుషులు, దూరం

మాసం విషయంలో రాజీ పడకూడదు. కార్తికం నుంచి మాఘం వరకు ఉత్తమం. ఆ తరువాత వరంగల్లు రాయి మనిషిని నిలువనీయదు. వానకాలంలో కోట పచ్చగా, కన్నులపండువగా ఉంటుంది గానీ, పాత మెట్లు జారతాయి. పెద్దలను తీసుకొని వెళ్లేవారు ఆ ఆశ పెట్టుకోరాదు.

మా ఊరి నుంచి రాత్రి రైలు ఎక్కితే తెల్లవారేసరికి వరంగల్లులో దిగవచ్చు. దిగగానే నడక మొదలుపెట్టకూడదని కూడా కిందటిసారే తెలుసుకున్నాను. రాత్రంతా రైలులో కూర్చున్న కాళ్లు వాచి ఉంటాయి. ఈసారి సత్రంలో స్నానాలు, ఇడ్లీ, కాఫీ అయ్యాక, ఏడు గంటలకు ఆటోలలో తూర్పు ద్వారం చేరాము. పది గంటలకల్లా కోటలోని నడక ముగియాలని నియమం పెట్టుకున్నాము.

ఒక్క మనిషి గొంతు ఇరవై, ఇరవైఐదు మందికి వినబడుతుంది. అంతకు మించితే వెనుకవారు తమ మాటల్లో తాము పడతారు. మైకు తీసుకుపోవచ్చు కదా అని ఒకరు అడిగారు. కోటలో ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఉదయాన్నే ఒకరి వాకిట్లో మైకు పెట్టి చరిత్ర చెప్పడం మర్యాద కాదు. నలభైమంది వస్తామంటే రెండు బృందాలు చేసి, అరగంట తేడాతో పంపాలి.

దూరం లెక్క వేసేటప్పుడు మన నడకను కొలతగా తీసుకోరాదు. తూర్పు ద్వారం నుంచి కోట మధ్యకు నేను ఒక్కడినే నడిస్తే పది నిమిషాలు పట్టలేదు. మోకాళ్ల నొప్పులున్న మా అక్కగారిని వెంటబెట్టుకొని మరొకసారి నడిచాను. చెప్పవలసినవి చెబుతూ, ఆగవలసినచోట ఆగుతూ వెళితే యాభై నిమిషాలు పట్టింది. ఆ యాభై నిమిషాలే అసలు లెక్క. ఎవరు యాత్ర ఏర్పాటు చేసినా, బృందంలో అందరికంటె మెల్లగా నడిచేవారిని వెంటబెట్టుకొని ముందుగా ఒకసారి దారి చూసుకోవాలి. ఎక్కడ నీడ ఉన్నది, ఎక్కడ కూర్చోవచ్చు, మరుగుదొడ్డి ఎంత దూరం, ఏ మెట్టు ఎత్తుగా ఉన్నది, ఇవన్నీ అప్పుడే తెలుస్తాయి. మా అక్కగారు చెప్పేదాకా ద్వారం దగ్గరి రాతిబండల మధ్య సందులు నా కంటబడనే లేదు. చేతికర్ర కొన అందులో దిగబడుతుంది.

ద్వారం దగ్గర

కోట ద్వారం దగ్గర పావుగంటైనా ఆగాలి. చాలామంది దీనిని ఆటోలో దాటిపోతారు. ఈ ద్వారంలో దారి తిన్నగా ఉండదు. లోపలికి వెళ్లినవాడు గోడల నడుమ చిక్కుకొని, మలుపు తిరిగి, మళ్లీ మలుపు తిరిగితే గానీ నగరంలోకి రాలేడు. ఏనుగులతో తలుపులు బద్దలు కొట్టించే కాలమది. ఏనుగు పరుగెత్తి వచ్చి ఢీకొట్టడానికి తిన్నని దారి కావాలి. మలుపులో ఆ వేగం ఉండదు. పైన గోడల మీద నిలిచినవారికి కిందివాడు నాలుగు వైపులా దొరుకుతాడు. ఈ మాట చెప్పి, మావారిని ఆ మలుపులో మెల్లగా నడిపించాను. చెప్పిన పది మాటలకంటె ఆ నడకే బాగా బోధపరచింది.

గోడ రాళ్లను దగ్గరగా చూపించాలి. పెద్ద పెద్ద నల్లసేనపు రాళ్లను చెక్కి, సున్నం పెట్టకుండానే ఒకదానిపై ఒకటి ఇమిడేటట్లు పేర్చారు. లోపలివైపు మట్టి కట్ట, దానిపై వరుసగా రాతి మెట్లు. శత్రువు ఏ వైపు వచ్చినా సైనికులు ఎక్కడికక్కడ గోడపైకి ఎక్కడానికి అవి. వెలుపలి మట్టికోటను తక్కువగా చూడకూడదు. 1310 ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగదని వ్రాశాడు. గెలిచినవారి పక్షాన వ్రాసినవాడే ఆ మాట అన్నాడంటే, ఆ మట్టి తొక్కిన కూలివాని పనితనం ఊహించుకోవచ్చు.

ద్వారం గుండా వాహనాలు తిరుగుతూనే ఉంటాయి. ఇద్దరు కార్యకర్తలు, ఒకరు ముందు, ఒకరు అందరి వెనుక, రంగు కండువాలతో నడవాలి. వెనుకనున్నవారు ఎన్నటికీ ఎవరినీ దాటి ముందుకు రాకూడదు. ఈ ఒక్క నియమం వల్ల మా యాత్రలో ఎవరూ తప్పిపోలేదు.

తోరణాల నడుమ

కోట మధ్యకు చేరినప్పుడు మాటలు తగ్గించాలి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. ఒక్కొక్కటి దాదాపు ముప్పై అడుగుల ఎత్తు. స్తంభాలు, వాటిపై దూలం, దూలంపై హంసలు, మకరాలు, తామరమొగ్గలు. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో మనం చూసే తోరణం ఇదే. ఈ నాలుగింటి నడుమ ఉన్నదంతా ఒకప్పటి స్వయంభూ దేవాలయ ప్రాంగణం. నేడు అక్కడ పునాదులు, విరిగిన స్తంభాలు, చెక్కడపు రాళ్ల వరుసలు ఉన్నాయి.

ఇక్కడే భక్తుల మనసు కలత చెందుతుంది. ఇక్కడ ఏమి చెప్పాలో ముందే కాగితం మీద వ్రాసుకోవాలని నా అనుభవం. అప్పటికప్పుడు నోటికి వచ్చినది చెబితే, మనిషి కోపమో కన్నీరో మోసుకొని పోతాడు గానీ తెలివిడి కాదు. నేను వ్రాసుకున్నది ఇంతే: 1323లో ఢిల్లీ సేనాని ఉలుఘ్ ఖాన్ రెండవ ముట్టడిలో ఓరుగల్లును పట్టుకున్నాడు. అంతకుముందు చేసిన ముట్టడి విఫలమయింది. ప్రతాపరుద్రుని బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా, నర్మదా తీరాన అతడు దేహం చాలించాడని ప్రోలయ నాయకుని విలస శాసనం చెబుతున్నది. ఈ ఆలయం అప్పుడు నేలమట్టమయింది. తోరణాలు నిలిచాయి. వాటిపై దేవతా మూర్తులు లేకపోవడమే అందుకు కారణమని కొందరు పండితుల అభిప్రాయం.

ఇది చెప్పాక వెంటనే మరొక సంగతి చెప్పాలి. తోరణాలకు పడమటివైపు కుష్ మహల్ అనే భవనం ఉన్నది. వాలు గోడలు, కొనదేలిన కమానులు, విశాలమైన లోపలి గది. జనం దానిని చితాప్ ఖాన్ మహలు అంటారు. కట్టడపు తీరును బట్టి అది తుగ్లక్ కాలపుదని పరిశోధకులు అంటున్నారు. ఈ చితాప్ ఖాన్ పేరు వినగానే మావారిలో ఒకరు ముఖం చిట్లించారు. తొందరపడరాదు. అతడు సీతాపతి అనే తెలుగువాడు. ఓరుగల్లును కొంతకాలం ఏలి, కాకతీయుల నాటి దేవతలను, పాంచాలరాయ స్వామిని తిరిగి ప్రతిష్ఠించినట్లు అతని 1504 నాటి శాసనం చెబుతున్నది. నగరం కూలినచోటే దీపం మళ్లీ వెలిగించినవాని పేరు మనకు తెలిసి ఉండాలి. లోపల భద్రపరచిన శిల్పాలను చూడడానికి పావుగంట కేటాయించాము. చల్లగా ఉంటుంది గనుక పెద్దలకు విశ్రాంతి కూడా అయింది.

మార్గదర్శకుని ఎంపిక గురించి ఇక్కడే ఒక మాట. స్థానికంగా నేర్పరులైన గైడ్లు దొరుకుతారు. వారిని పెట్టుకోవడం మంచిది, వారి జీవనానికీ ఆధారం. అయితే ముందురోజే మాట్లాడుకోవాలి. కోట నుంచి వేయిస్తంభాల గుడికి సొరంగం ఉన్నదన్న కథ మీకు తప్పక వినిపిస్తారు. వినవచ్చు. "అలా చెప్పుకుంటారు" అన్న మాట చేర్చమని వారిని కోరండి. శాసనం చెప్పినది, గ్రంథం చెప్పినది, జనం చెప్పుకొనేది, ఈ మూడింటినీ విడివిడిగా చెప్పే గైడు దొరికితే అడిగిన రుసుము ఇచ్చి, పైన మరికొంత ఇవ్వండి.

ఇంకొక మనవి. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. 1958 చట్టం వర్తిస్తుంది. విరిగిన నంది కనబడగానే కుంకుమ పెట్టాలని, రాతి మీద కర్పూరం వెలిగించాలని మన చేతులు ఉవ్విళ్లూరుతాయి. భక్తి తప్పు కాదు గానీ, నూనె రాతిలోకి ఇంకి జిడ్డు పట్టి, చెక్కడాన్ని మసకబారుస్తుంది. ఏడు వందల ఏళ్ల ఎండావానలకు తట్టుకొన్న రేఖ మన ఒక్క దీపంతో మరుగున పడకూడదు. పైగా శాస్త్రం కూడా భగ్న విగ్రహాలకు నిత్యార్చన చెప్పదు. నమస్కరించి ముందుకు నడవాలి. దీపం పెట్టవలసిన చోటు వేరే ఉన్నది.

శంభుని గుడి

ఈసారి ఆ చోటికి వెళ్లడానికి పూర్తిగా ముప్పావుగంట ఉంచుకున్నాను. నెల ముందే వెళ్లి అర్చకులతో మాట్లాడి, ఉదయం పూజ వేళ ఎప్పుడో, ఇరవైమంది వస్తే ఎక్కడ కూర్చోవాలో, దీపాలు ఎక్కడ వెలిగించాలో అడిగి తెలుసుకున్నాను. చిన్న గుడి అది. తోరణాల వైభవం చూసిన కంటికి మొదట ఆనదు. లోపలిది చతుర్ముఖ లింగం. నగరం పోయింది, రాజులు పోయారు, పూజ ఉన్నది.

కిందటి ఏడు నన్ను అడిగిన ఆ తల్లి ఈసారి కూడా వచ్చింది. ఆమె వస్తుందని నేను అనుకోలేదు. నేనే వెళ్లి పిలిచాను. "మళ్లీ ఎండలో నిలబెడతావా మాస్టారూ?" అన్నది. "మీరు కూర్చోవడానికి పీట నేను మోస్తానమ్మా" అన్నాను. మోశాను కూడా. ఆమె కోసం కొన్న ఒక్క మడతపీట చూసి మరి కొందరు అడగడంతో, దాతల సహకారంతో పది తీసుకున్నాము. ద్వారం దగ్గర ఒకసారి, తోరణాల దగ్గర ఒకసారి ఆమె కూర్చున్నది. గుడిలో అర్చకులు చూపిన చోట ఒత్తులు తీసి, నూనె పోసి, దీపం పెట్టింది. ఆపైన నా వైపు తిరిగి, "పోయినేడు ఇంత దగ్గర దాకా వచ్చి వెళ్లామా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం ఆ నిమిషంలో తల వంచుకోవలసి వచ్చింది.

అక్కడ నుంచి ఓపిక ఉన్నవారు ఏకశిల గుట్ట వరకు వెళ్లారు. మెట్లు ఎక్కగలిగినవారు ఎక్కారు. పైనుంచి చూస్తే కోట వలయం కొంత కంటికి అందుతుంది. ఉదయం చేతికిచ్చిన పటంలో గీసిన గుండ్రని గీత అదేనని పిల్లలు కేకలు వేశారు. ఆ పటం నేను చేతితో గీసినదే, ఒక్క పేజీ. ఖరీదైన పుస్తకాలు పంచనవసరం లేదు, ఇటువంటి పటం చాలు. కిందనే ఉండిపోయినవారికి మజ్జిగ, అరటిపండ్లు ఇచ్చాము. రాయి దగ్గరకు వెళ్లి చేత్తో తాకి వచ్చినా ఓరుగల్లును తాకినట్లే.

మిగిలిన పూట

పది దాటాక సత్రానికి తిరిగి వచ్చాము. పదకొండున్నరకు భోజనం, మూడు వరకు విశ్రాంతి. ఈ విశ్రాంతి అనవసరమని యువకులు కొందరు గొణిగారు. వారిని బజారుకు పంపించాము.

సాయంత్రం హనుమకొండ. వేయిస్తంభాల గుడి గురించి ఈ పత్రికలోనే ఎన్నోసార్లు వచ్చింది గనుక విస్తరించను. శివ, కేశవ, సూర్యులకు మూడు గర్భాలయాలున్న త్రికూటం అది. నేడు ప్రధానంగా పూజలందుకొనేది రుద్రేశ్వరుడు. నల్లరాతి నంది మెరుపు సాయంకాలపు ఎండలో చూడవలసినదే. ఎదుటనున్న కళ్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి, మళ్లీ నిలబెట్టి, 2024లో భక్తులకు తెరిచారు. ఇసుక నింపిన పునాదిపై కట్టిన కట్టడం కావడంతో ఆ పని ఎన్నో ఏళ్లు పట్టింది. పునరుద్ధరణకు దానమిచ్చే మహాశయులు ఆ మండపం ముందు కాసేపు నిలబడి చూడాలి. ఒక్కొక్క రాయికి అంకె వేసి, దాని చోట దానిని తిరిగి నిలపడానికి ఎంత ఓర్పు కావాలో అక్కడ తెలుస్తుంది. అక్కడి నుంచి సంధ్యవేళకు భద్రకాళి అమ్మవారి దర్శనం, చెరువు గట్టున కాసేపు. అంతే.

పద్మాక్షి గుట్ట ఈసారి వదిలేశాము. రామప్పను కూడా. 1213లో పూర్తయి, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ఆలయాన్ని అలసిన కళ్లతో గంటసేపు చూసి రావడం అపచారం. దానికి వేరే రోజు, వేరే యాత్ర ఉండాలి. "ఇంత దూరం వచ్చి అది చూడకుండానా?" అని అడిగేవారు ప్రతి బృందంలోనూ ఉంటారు. యాత్ర నడిపేవారికి అన్నిటికంటె కష్టమైన పని వారికి కాదని చెప్పడం. నేను కిందటి ఏడు చెప్పలేకపోయినది అదే.

వెంట ఉంచుకోవలసినవి పెద్ద జాబితా కాదు. ఒక్కొక్కరికి ఒక నీళ్ల సీసా, టోపీ లేదా తలగుడ్డ, పలుచని నూలు మేజోళ్లు. చెప్పులు విడవవలసినచోట మేజోళ్లతో పాదం కాలదు. చక్కెర, రక్తపోటు మందులు వాడేవారి పేర్లు కార్యకర్త వద్ద ఉండాలి, మందులు మాత్రం వారి సంచిలోనే ఉండాలి. ఇవన్నీ మేము కలిపి ఒకే పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను సత్రంలో మరచిపోయి, మధ్యదారిలో ఆటో పంపి తెప్పించుకున్నాము. ప్రవేశ రుసుము, తెరిచే వేళలు మారుతూ ఉంటాయి గనుక వెళ్లే వారంలో కనుక్కోవాలి. మనం తిన్న ఆకులు, గ్లాసులు మనమే మూటగట్టి వెనక్కు తేవాలి. కోటలో నివసించేవారు మన అతిథులు కారు, మనమే వారి అతిథులం.

మాఘ మాసంలో రెండు బృందాలుగా మళ్లీ వెళుతున్నాము. మోకాళ్ల నొప్పులున్నవారు రాకూడదని ఎవరూ అనుకోవద్దు. పేరు ఇచ్చేటప్పుడే ఆ సంగతి చెబితే, నడకను దానికి తగ్గట్లు సర్దుకుంటాము. మడతపీటలు ప్రస్తుతం పది ఉన్నాయి. నలభైమందికి ఇంకొక పన్నెండు కావలసి ఉన్నాయి.